పిల్లలకు ఆలోచించుట నేర్పిన బిషప్ కొమీనియస్

మన అధ్యక్ష ఖండము నూరు సంవత్సరములు నింపుకొనుచున్న ఈ సంతోష సమయమున, గుడులతో పాటు మన బడులను కూడ జ్ఞాపకము చేసికొనుట తగియున్నది. ఆ బడులలో మన బిడ్డలకు నిజముగా ఏమి నేర్పుచున్నామను ప్రశ్న చాలకాలముగా మమ్మును వెంటాడుచున్నది.

కొన్ని సంవత్సరముల క్రిందట మేము కన్ఫర్మేషన్ తరగతిని పరీక్షించుచుంటిమి. ప్రశ్నోత్తరిలోని మొదటి మూడు ప్రశ్నలకు ఒక చిన్నవాడు తడుముకొనకుండ జవాబు చెప్పెను. మేము నాలుగవ ప్రశ్నను విడిచి అయిదవ దానిని అడిగితిమి. అతడు ఏమాత్రము సందేహింపక నాలుగవ ప్రశ్నకు జవాబు అప్పగించెను. అక్కడున్న పెద్దలు నవ్విరి. మాకు నవ్వు రాలేదు. అతనికి పాఠము చెప్పినవారము మేమే గదా! వేదాంత కళాశాలలో మేమును అట్లే నోట్సు బట్టీపట్టి పరీక్షలు వ్రాసి, హాలు వెలుపలికి వచ్చులోగా సగము మరచిన దినములు కలవు. ఆ రాత్రి మేము ఒకప్పుడు చదివిన ఒక దైవజనుని జీవితమును మరల తీసి చదివితిమి. ఆయనే జాన్ ఆమోస్ కొమీనియస్.

కొమీనియస్ 1592 మార్చి 28న, నేటి చెక్ దేశములో భాగమైన మొరేవియాలో జన్మించెను. ఆయన కుటుంబము సహోదరుల ఐక్య సంఘమునకు చెందినది. లూథరు దినములకు నూరేండ్లు ముందుగా, 1415లో, విశ్వాసము నిమిత్తము సజీవదహనము చేయబడిన జాన్ హస్ అనుచరుల నుండి పుట్టిన సంఘమది. పండ్రెండేండ్ల ప్రాయముననే కొమీనియస్ తలిదండ్రులను పోగొట్టుకొని బంధువుల పంచన పెరిగెను. పదునారేండ్లకు గాని లాటిను బడిలో చేరలేకపోయెను. అర్థము తెలియని వ్యాకరణ సూత్రములను బెత్తమునకు భయపడి వల్లించుటయే ఆనాటి చదువు. ఎదిగిన వయస్సులో బడికి వచ్చినందున ఆ పద్ధతిలోని లోపము ఆయన కండ్లకు తేటగా కనబడెను.

తరువాత జర్మనీలోని హెర్బోర్న్, హైడెల్బర్గ్ నగరములలో వేదాంతము చదివి, 1614లో తిరిగి వచ్చి తాను చదివిన ప్రెరోవ్ బడిలోనే ఉపాధ్యాయుడాయెను. 1616లో గురుపట్టము పొందెను. 1618లో ఫుల్నెక్ పట్టణ సంఘమునకు కాపరియై, అక్కడి బడిని కూడ నడిపించెను.

ఆ సంవత్సరమే ముప్పది యేండ్ల యుద్ధము ప్రారంభమాయెను. 1620లో ప్రాగ్ నగరము చెంత జరిగిన యుద్ధములో ప్రొటెస్టంటులు ఓడిపోయిరి. మరుసటి సంవత్సరము ఫుల్నెక్ కొల్లగొట్టబడెను. కొమీనియస్ తప్పించుకొని దాగియుండగా, 1622లో ఆయన భార్యయు ఇద్దరు పసిబిడ్డలును తెగులుచేత మరణించిరి. 1628లో ఆయన తన సహోదరులతో దేశము విడిచి పోలండులోని లెష్నో పట్టణమునకు పోయెను. స్వదేశములో మరల నివసించు భాగ్యము ఆయనకు కలుగలేదు. 1632లో ఆ చెదరిన మందకు బిషప్‌గా అభిషేకింపబడెను.

ఇట్టి శ్రమలలో ఆయన బడి పాఠములను గూర్చి ఆలోచించుట విచిత్రముగా తోచవచ్చును. అయితే పడిపోయిన జనాంగము బిడ్డల చదువుతోనే తిరిగి లేచునని ఆయన నమ్మిక. లెష్నో బడిలో పాఠములు చెప్పుచు 1631లో లాటిను భాషకు ఒక వాచకము ప్రకటించెను. ఒంటి మాటల పట్టికలకు బదులు, లోకములోని వస్తువులను గూర్చి వెయ్యి వాక్యములను నూరు అధ్యాయములుగా కూర్చెను. అది అనేక యూరపు భాషలలోనికి తర్జుమా చేయబడెను.

ఆ కాలముననే ఆయన తన బోధనా సిద్ధాంతమును ఒక పెద్ద గ్రంథముగా వ్రాసెను. మొదట వస్తువును చూపి, తరువాత దాని పేరు చెప్పవలెను. సులభమైన దానినుండి కఠినమైన దానికి పోవలెను. మొదట మాతృభాషలో నేర్పవలెను. ధనవంతుల బిడ్డలేగాక పేదల బిడ్డలును, బాలురేగాక బాలికలును బడికి రావలెను. ఆయన కంఠత పెట్టుటను నిషేధింపలేదని గమనించవలెను. బుద్ధికి మొదట అందనిదానిని జ్ఞాపకమునకు అప్పగింపరాదని మాత్రమే ఆయన బోధించెను. ఇతరులు చూచి చెప్పినదానిని వల్లించుటకంటె, ఆకాశమును, భూమిని, చెట్లను తమ కండ్లతో చూచి విచారించుట విద్యార్థులు నేర్వవలెనని ఆయన కోరెను.

ఆయన కీర్తి విని 1641లో ఇంగ్లండువారును, 1642లో స్వీడనువారును పిలిచిరి. 1650 నుండి 1654 వరకు హంగరీలోని షారోష్పటాక్ బడిలో పనిచేసెను. అక్కడ సిద్ధపరచిన బొమ్మల పాఠపుస్తకము 1658లో న్యూరెంబర్గులో అచ్చయ్యెను. అందులో అక్షరములు కాకి అరుపుతోను, గొర్రెపిల్ల అరుపుతోను మొదలగును. వడ్రంగి పనిశాల, తేనెటీగల పెంపకము మొదలగు బొమ్మలలో ప్రతి వస్తువునకు ఒక అంకె వేసి, అదే అంకెను ప్రక్కనున్న మాటకును వేసిరి. బిడ్డ బొమ్మనుండి మాటకును, మాటనుండి బొమ్మకును తానే దారి కనుగొనును. నేటి మన బిడ్డల బొమ్మల వాచకములు ఆ పుస్తకపు సంతతియే.

1656లో మరల యుద్ధము వచ్చి లెష్నో కాలిపోయెను. ఆయన నలుబది సంవత్సరములకు పైగా కూర్చిన చెక్ నిఘంటువు ఆ మంటలలో బూడిదయ్యెను. అరువది నాలుగేండ్ల వృద్ధుడు మరల పరదేశియై ఆమ్‌స్టర్‌డామ్ చేరెను. అక్కడ మరుసటి సంవత్సరము ఆయన బోధనా గ్రంథములన్నియు ఒక సంపుటముగా వెలువడెను.

ఆ 1657లోనే ఆయన మరియొక పుస్తకము కూడ ప్రకటించెను. దీనిని దాచిపెట్టుట న్యాయము కాదు. తన కాలములో ప్రవక్తలమని చెప్పుకొన్న ముగ్గురి దర్శనములు అందులో ఉన్నవి. తమ్మును వెళ్లగొట్టిన రాజవంశము త్వరలో కూలిపోవునని వారి ప్రవచనము. అది నెరవేరలేదు. ప్రతిదానిని పరిశీలించుమని పిల్లలకు నేర్పినవాడు, స్వదేశమును చూడవలెనను ఆశచేత, తాను పరిశీలింపక నమ్మెను. వివేకముగల స్నేహితులు హెచ్చరించినను వినలేదు. పండితులు ఆయనను ఎగతాళి చేసిరి. దుఃఖములో ఉన్న హృదయము తాను కోరినదానినే వినునని ఇందువలన మనము నేర్చుకొనవలెను. మంచి మాట చెప్పు ప్రతి ప్రవక్త వెంట పరుగెత్తు మన సంఘములకు ఈ హెచ్చరిక ఎంతో అవసరము. బెరయ పట్టణపు విశ్వాసులు అపొస్తలుని బోధను సహితము లేఖనములతో సరిచూచిరి గదా!

కొమీనియస్ 1670 నవంబరు 15న ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రభువునందు నిద్రించెను. ఆయన దేహము నార్డెన్ పట్టణములో సమాధి చేయబడెను. అంతరించినదని లోకము తలంచిన ఆయన సంఘము మొరేవియన్ సంఘముగా మరల లేచెను. 1735లో దాని మొదటి బిషప్పును అభిషేకించినవాడు కొమీనియస్ మనుమడే. నేడు చెక్ దేశములో ఆయన జన్మదినమే ఉపాధ్యాయ దినోత్సవము.

ప్రియ సంఘస్థులారా, మేము మా కన్ఫర్మేషన్ తరగతిలో ఇప్పుడు ప్రశ్నలను వరుస తప్పించి అడుగుచున్నాము. జవాబును బిడ్డ తన సొంత మాటలలో, ఇంటి భాషలో చెప్పిన తరువాతనే కంఠత పెట్టించుచున్నాము. పని నెమ్మదిగా సాగుచున్నది. ప్రక్క సంఘము పిల్లలు మనవారికంటె ఎక్కువ వాక్యములు అప్పగించిరని కొందరు తలిదండ్రులు నొచ్చుకొనుచున్నారు. పిల్లలు ఎదురు ప్రశ్నలు వేయుచున్నారు. కొన్నిటికి మేము ఇంటికి పోయి చదివి, వచ్చే వారము జవాబు చెప్పవలసి వచ్చుచున్నది. ఇది మాకు సిగ్గు కాదు. రథములో చదువుకొనుచున్న ఐతియొపీయుని ఫిలిప్పు మొదట అడిగినది, చదువుచున్నది గ్రహించుచున్నాడా అనియే.

నూరేండ్ల క్రిందట మన పెద్దలు బడి తలుపులు తెరచిరి. ఆ బడులలో కూర్చున్న బిడ్డ చేయెత్తి, అయ్యగారూ, ఇది ఎందుకని అడిగినప్పుడు వాని నోరు మూయించకుందము గాక.