జాన్ హారిసన్ - సముద్రపు గడియారం

1707లో ఆంగ్ల నౌకాదళానికి చెందిన నాలుగు ఓడలు తామున్న చోటును తప్పుగా అంచనా వేసి, సిల్లీ దీవుల వద్ద శిలలకు తగిలి మునిగిపోయాయి. వెయ్యిమందికి పైగా నావికులు మరణించారు. సముద్రంపై రేఖాంశాన్ని కనుగొనే మార్గం చూపినవారికి 20,000 పౌనుల వరకు బహుమానం ఇవ్వాలని 1714లో బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసింది. బయలుదేరిన రేవులో వేళ ఎంతో తెలిస్తే, దానిని ఓడ ఉన్నచోటి వేళతో పోల్చి రేఖాంశాన్ని గణించవచ్చు. కాని అలల కుదుపులకు తట్టుకొనే గడియారం ఆనాడు లేదు.

జాన్ హారిసన్ 1693లో యార్క్‌షైర్‌లో ఒక వడ్రంగి ఇంట జన్మించాడు. గడియారాల పనిని తనంతట తానే నేర్చుకొన్నాడు. యంత్రంలోని నూనె చలికి చిక్కబడి, వేడికి పలుచబడి గడియారపు నడకను చెడగొట్టడం గమనించి, నూనె అక్కరలేని గడియారాన్ని నిర్మించ సంకల్పించాడు. తన మూడవ నౌకా గడియారంలో ఇరుసు చుట్టూ చిన్న రోలర్లను అమర్చి, అవి ఒకదానినొకటి రాసుకోకుండా పంజరం వంటి చట్రంలో నిలిపాడు. జారే చోట దొర్లడం వచ్చింది, రాపిడి తగ్గింది. నేటి ఫ్యాన్లలో, మోటార్లలో బాల్ బేరింగు గుండ్లను విడివిడిగా ఉంచే పంజరానికి పూర్వరూపం అదే.

ఆ గడియారంపై 19 ఏండ్లు శ్రమించినా కోరిన కచ్చితత్వం చేకూరలేదు. 1759లో పూర్తిచేసిన నాలుగవది పెద్ద జేబుగడియారం వంటిది. విచిత్రమేమంటే, దానికి నూనె తప్పలేదు! 1761లో కుమారుడు విలియం దానిని జమైకాకు తీసుకొనిపోయాడు. ముందే తెలిసిన దినసరి తేడాను తీసివేయగా, 81 దినాలలో అది సుమారు 5 సెకన్లే వెనుకబడింది. అయినా రేఖాంశ మండలి పూర్తి బహుమానం ఇవ్వక మరిన్ని పరీక్షలు కోరింది. మూడవ జార్జి రాజు జోక్యంతో 1773లో పార్లమెంటు 8,750 పౌనులు మంజూరు చేసేనాటికి హారిసన్ వయస్సు 80. మరి మూడేండ్లకు, 1776లో, ఆయన లండనులో మరణించాడు.