విటమినుల కొలతకు తోడైన ఆంధ్రుడు: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

తెల్లని అన్నము మన ఇండ్లలో మర్యాదకు గుర్తు. విస్తరిలో అన్నము మల్లెపూవువలె లేకున్న అతిథి ఏమనుకొనునోయని గృహస్థు సంకోచించును. ఆ తెలుపు కొరకై మరలో తవుడుతోపాటు మనము పోగొట్టుకొనునది కంటికి కానరాదు, నాలుకకు తెలియదు. దానిని తెలుపగలది కొలత యొక్కటే. అట్టి కొలతకు కావలసిన ప్రమాణమును లోకమున కందించిన వారిలో అగ్రగణ్యులు మన భీమవరమున పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారు.

వారు 1895 జనవరి 12వ తేదీన జగన్నాథము, వెంకమ్మ దంపతులకు జన్మించిరి. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమార్లు తప్పి, మూడవమారు మద్రాసులో ఉత్తీర్ణులైరి. వైద్యకళాశాలలో చదువు దినములలో గాంధీ మహాత్ముని పిలుపు విని ఖద్దరు ధరించిరి. శస్త్రచికిత్స బోధించు ఆంగ్లాచార్యునకు అది గిట్టలేదు. తుదకు ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు, అంతకు తక్కువదియగు ఎల్.ఎం.ఎస్. మాత్రమే వారికి దక్కెను.

వారి సోదరులిద్దరు ఎనిమిది దినముల వ్యవధిలో స్ప్రూ అను వ్యాధికి బలియైరి. నోరు పూసి, విరేచనములచే దేహము క్షీణించి, రక్తము పలుచబడు ఈ రోగమునకు నాటి వైద్యులకడ నిశ్చయమైన మందు లేకుండెను. ఆ దుఃఖమును మనసున నిలుపుకొని, ఆయుర్వేద కళాశాలలో కొంతకాలము బోధించి, మామగారి సహాయముతోను, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ తోడ్పాటుతోను, 1920 తరువాతి తొలి సంవత్సరములలో వారు అమెరికా చేరిరి. హార్వర్డులో చదువుచు, రాత్రులు ఆసుపత్రిలో కూలిపని చేసి పొట్టపోసికొనిరి.

శాస్త్రలోకమున వారి పేరు మొదట వినబడినది ఒక కొలతతోనే. రక్తమునందలి భాస్వరమును నీలిరంగు గాఢతనుబట్టి లెక్కించు పద్ధతిని 1925లో ఫిస్కే పండితునితో కలసి ప్రకటించిరి. అది నేటికిని ఫిస్కే-సుబ్బారావు పద్ధతియనియే పిలువబడుచున్నది. ఆ సాధనముతోనే కండరములకు శక్తినిచ్చు ఏ.టి.పి. వంటి పదార్థముల జాడ తీసిరి.

1940లో వారు లెడర్లీ ఔషధశాలలో చేరిరి. అంతకుముందే, 1931లో, లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో గర్భిణీస్త్రీల రక్తహీనత ఈస్టుసారముచే నయమగుటను లోకమునకు చూపియుండెను. ఆ గుణము ఏ పదార్థముదో మాత్రము తేలలేదు. 1945లో సుబ్బారావుగారి నాయకత్వమున లెడర్లీ శాస్త్రజ్ఞులు దాని నిర్మాణమును తేల్చి, ప్రయోగశాలలో తయారుచేసిరి. అదియే ఫోలిక్ ఆమ్లము. స్ప్రూ రోగుల రక్తహీనతకును అది మందైనది. తోబుట్టువులను మ్రింగిన రోగమునకు వారి చేతిమీదుగానే విరుగుడు లభించెను.

శుద్ధమైన ఫోలిక్ ఆమ్లము చేతికందుటతో ధాన్యములలో దానిని కొలుచుటకును నమ్మదగిన ప్రమాణము కుదిరినది. గింజ బరువులో అది పదిలక్షలవ వంతుకంటెను తక్కువ, త్రాసులో తూగదు. అది లేనిదే పెరుగని సూక్ష్మజీవి యొకటి గలదు. ఆ జీవికి తక్కిన ఆహారమంతయు అమర్చి, ఈ యొక్కదానిని మాత్రము మాని, నూరిన గింజల సారమును కలుపుదురు. ద్రవమెంత మసకబారినదో చూచి, తెలిసిన మోతాదు ఫోలిక్ ఆమ్లముతో పెరిగిన దానితో పోల్చి లెక్క కట్టుదురు.

హైదరాబాదు జూబిలీహిల్సు, ఫిలింనగరులలోని తారల పేర్లు పసిపిల్లలకును తెలియును. అదే నగరమున, తార్నాకలో, జాతీయ పోషకాహార సంస్థ గలదు. 1918లో కూనూరున బెరిబెరి వ్యాధి విచారణగా మొదలై, 1958లో అది ఇచ్చటికి వచ్చెను. మరపట్టిన పచ్చిబియ్యము తిను ఉత్తర సర్కారు జిల్లాలనే ఆ వ్యాధి మిక్కిలి పీడించెననుట మనము మరువరాదు. ఆ సంస్థ 2017లో ప్రకటించిన పట్టికల ప్రకారము, ముడిబియ్యమునందలి బి1 విటమినులో సుమారు ఐదవ వంతే మరబియ్యమున మిగులును. నూరు గ్రాములకు ఫోలేటు మరబియ్యమున సుమారు 9 మైక్రోగ్రాములు. రాగులలో 35, సజ్జలలో 36, జొన్నలలో 39.

సుబ్బారావుగారు 1948 ఆగస్టులో, 53వ ఏట, అమెరికాలోనే కన్నుమూసిరి. బోదకాలు మందును, కర్కటవ్యాధిపై తొలి ఔషధములలో నొకదానిని లోకమునకిచ్చిన కృషికి సారథులై, స్వదేశమునకు మరల రాకయే వెడలిపోయిరి. వారి విగ్రహములకు పూలమాలలు వేయుట సులభము. చేలో జొన్నకును రాగికిని ఒక చెక్క విడుచుట, మిల్లులో బియ్యమును మితిమీరి తెల్లబరుపకుండుట, ఇంట గర్భిణికి ముందుగా ఆకుకూర వడ్డించుట మన చేతిలోని పనులు. కొలతలు తేలినవి, ఇక ఆచరణ మనది.