సంఖ్యాశాస్త్రవేత్త శ్రీ ఎస్.ఎస్. పిళ్ళై – వాల్తేరు కృషి

ఛందశ్శాస్త్రం అభ్యసించినవారికి షట్ప్రత్యయాలు సుపరిచితాలు. ఉత్పలమాల పాదంలో అక్షరాలు ఇరవై. ఇరవై అక్షరాల సమవృత్తభేదాలు 10,48,576 అని సంఖ్యాప్రత్యయం నిర్ణయిస్తుంది. ప్రస్తారం వేసి వాటినన్నింటినీ చూపవలసిన పని లేదు. ఈ విధంగా పట్టిక వేయకుండానే సంఖ్యకు అవధి నిర్ణయించే విద్యను ఆధునిక గణితంలోని ఒక దుర్ఘట సమస్యకు అన్వయించిన మహనీయులు శ్రీ సుబ్బయ్య శివశంకరనారాయణ పిళ్ళై గారు. జన్మతః తమిళులైనా వీరి పరిశోధనలో ప్రధానభాగం తెలుగుగడ్డపైనే సాగింది.

వీరు 1901 ఏప్రిల్ 5న కుర్తాళం సమీపంలోని వల్లం గ్రామంలో జన్మించారు. శైశవంలోనే తల్లిని, పాఠశాల చదువు ముగియకముందే తండ్రిని కోల్పోయారు. ఒక ఉపాధ్యాయుని ఆదరణతో విద్య కొనసాగించి, నాగర్‌కోయిల్, తిరువనంతపురం కళాశాలల్లో చదివారు. మద్రాసు విశ్వవిద్యాలయంలో ఆనందరావు, వైద్యనాథస్వామి గార్ల సాన్నిధ్యంలో పరిశోధన చేశారు. 1929లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో అధ్యాపకులై 1941 వరకు సేవచేశారు.

వీరు చేపట్టిన సమస్య వినడానికి సులభం. రెండు సంఖ్యలను తీసికొని వాటి ఘాతాల భేదం ఒక నియత సంఖ్యకు ఎన్నిసార్లు సమానమవుతుందో చెప్పాలి. ఉదాహరణకు 2 యొక్క నాల్గవ ఘాతం 16 నుండి 3 తీసివేస్తే 13. 2 యొక్క ఎనిమిదవ ఘాతం 256 నుండి 3 యొక్క ఐదవ ఘాతం 243 తీసివేసినా 13 మిగులుతుంది. సామాన్య కారణాంకం లేని రెండు సంఖ్యల విషయంలో, భేదం తగినంత పెద్దదైతే అది ఒక్కసారికి మించి సిద్ధించదని పిళ్ళైగారు 1936లో నిరూపించారు. అయితే జర్మనీ గణితజ్ఞుడు సీగెల్ సిద్ధాంతంపై ఆధారపడిన ఆ ఉపపత్తి, తగినంత అంటే ఎంతో చెప్పజాలదు. అవధి ఉన్నదని తెలిసింది. అది ఎక్కడ ఉన్నదో తెలియలేదు.

వాల్తేరులోనే వేరింగ్ సమస్యపైనా కృషిచేసి, ప్రతి ధనపూర్ణాంకం 73కు మించని ఆరవ ఘాతాల మొత్తమని 1940లో స్థాపించారు. అనంతరం తిరువాన్కూరు, కలకత్తా విశ్వవిద్యాలయాల్లో పనిచేశారు. 2, 3ల ధనఘాతాల భేదాలలో రెండు విధాలుగా లభించేవి ఋణ 1, 5, 13 అనే మూడే అని 1945లో ఊహించారు.

ప్రిన్‌స్టన్ ఉన్నత విద్యాసంస్థ ఆహ్వానంపై అమెరికాకు పయనమైన పిళ్ళైగారు 1950 ఆగస్టు 31న కైరో సమీపాన జరిగిన విమానప్రమాదంలో అస్తమించారు. అప్పటికి వారి వయస్సు 49 ఏండ్లు.

వారు విడిచిపోయిన ఊహను 1982లో స్ట్రోకర్, టైడెమాన్ అనే డచ్చి గణితజ్ఞులు నిరూపించారు. ఏ రెండు సంఖ్యలను తీసికొన్నా, శూన్యం కాని ఏ భేదమూ రెండుసార్లకు మించి రాదని 2001లో బెనెట్ స్థాపించారు. సీగెల్ మార్గం చూపజాలని అవధిని ఊహించి చెప్పినది పిళ్ళైగారే. దాని ఉపపత్తికి మాత్రం లోకం ముప్పదియేడేండ్లు వేచియుండవలసి వచ్చింది.