మన్రో మరల పట్టిన ఖడ్గము

రాయలసీమలో మన్రో దొర పేరు చెప్పగానే రైతువారీ పద్ధతి స్మరణకు వచ్చును. కాని ఆయన మొదట చేపట్టినది ఖడ్గము.

1761లో గ్లాస్గోలో జన్మించిన థామస్ మన్రో 1780లో కుంపిణీ పదాతిదళమున కాడెట్టుగా చెన్నపట్టణము చేరి, హైదరాలీ సేనలతో పోరాడెను. 1792లో బారామహలు రెవెన్యూ పనికి నియోగింపబడుటతో సైనిక జీవితము వెనుకబడెను. 1800 నుండి 1807 వరకు దత్తమండలముల కలెక్టరుగా గ్రామగ్రామమునకు పోయి, గుడారములలో వసించి, భూములు కొలిపించెను.

1817లో మరాఠా యుద్ధము సమీపింపగా, ఏబదియారేండ్ల వయస్సున ఆయన మరల సేనాధిపత్యము కోరెను. తొలుత ఆశాభంగమే కలిగెను. తుదకు ధార్వాడ ప్రాంతమును అప్పగించిరి. సేన మాత్రము అత్యల్పము. అప్పుడాయన అమల్దారులను నియమించి, స్థానికులనే బంట్రోతులుగా చేర్చుకొని, గ్రామముల పన్నులు తానే వసూలు చేయించెను. 1818లో బాదామి, బెళగాము, షోలాపురము కోటలు లొంగెను. ఆ విజయము పరపాలననే విస్తరింపజేసెను. అయినను దానికి తోడ్పడినది సేనకు దూరమైన యేండ్లలో రైతుల నడుమ గడించిన అనుభవమే.

1820లో మద్రాసు గవర్నరైన మన్రో, 1827లో దత్తమండలములకు వీడ్కోలు చెప్పవచ్చి, జులై 6న నేటి కర్నూలు జిల్లాలోని పత్తికొండలో విషూచికి బలియయ్యెను. తాను కొలిపించిన భూముల నడుమనే ఆయన ప్రయాణము ముగిసెను.