అరువు కవచం

ఏటా సెప్టెంబర్ దగ్గరపడుతుంటే మన సంఘాల్లో ఒక దృశ్యం కనిపిస్తుంది. ఆరాధన చివర్లో పాస్టరుగారు ఇంగ్లండుకు చదువుకు వెళ్తున్న అబ్బాయినో అమ్మాయినో ముందుకు పిలుస్తారు. పెద్దలు తలమీద చేతులుంచి ప్రార్థిస్తారు. తల్లి కొంగుతో కళ్లు తుడుచుకుంటుంది. వీసా వచ్చింది, ఫీజు కట్టేశాం, పచ్చళ్లు సర్దేశాం, ఇక దేవుడే చూసుకుంటాడనుకుని మనం ఇళ్లకు వెళ్లిపోతాం. అక్కడ దిగాక మొదటి రోజుల్లో ఆ బిడ్డ మనసు ఎలా ఉంటుందో పెద్దగా ఆలోచించం. సుమారు 130 ఏళ్ల క్రితం ఇదే హైదరాబాదు నుంచి అలా వెళ్లిన ఒక అమ్మాయి కథ ఈ వారం గుర్తు చేసుకుందాం.

ఆమె సరోజినీ ఛటోపాధ్యాయ. తర్వాత సరోజినీ నాయుడుగా దేశమంతా ఎరిగిన మనిషి. 1879 ఫిబ్రవరి 13న హైదరాబాదులో పుట్టింది. తండ్రి అఘోరనాథ్ ఎడిన్‌బరోలో సైన్సులో డాక్టరేట్ పొంది వచ్చి, ఇక్కడ నిజాం కాలేజీకి పునాది వేసిన విద్యావేత్త. కూతురు లెక్కల్లోనో సైన్సులోనో గొప్పది కావాలని ఆయన ఆశ. ఆ పిల్ల మాత్రం 11 ఏళ్ల వయసులో, ఎంతకీ తేలని బీజగణితం లెక్క ముందు కూర్చుని ఒక పద్యం రాసుకుంది. 12 ఏళ్లకే మద్రాసు మెట్రిక్యులేషన్ పాసై పేరు తెచ్చుకుంది.

ఆ తర్వాత గోవిందరాజులు నాయుడు అనే యువ డాక్టరుపై మనసు పడింది. కులాలు వేరు. రెండు కుటుంబాలూ ఒప్పుకోలేదు. 1895లో, 16 ఏళ్ల వయసులో, నిజాం ఇచ్చిన ప్రత్యేక ఉపకార వేతనంతో ఆమెను ఇంగ్లండుకు పంపారు. లోకం దృష్టిలో అది గొప్ప అదృష్టం. కానీ ఆమె ఇష్టపడి ఓడ ఎక్కలేదు. మనం సాగనంపే పిల్లల్లో కూడా మనసు ఇక్కడే వదిలి వెళ్లేవారు ఉంటారు. ఆ సంగతి మనకు చెప్పరు.

లండన్‌లో కింగ్స్ కాలేజీలో చేరింది. ఆ రోజుల్లో ఆమెను చూసిన కవి ఆర్థర్ సైమన్స్ తర్వాత తన జ్ఞాపకాలు రాశారు. పట్టుబట్టలు కట్టుకుని, నల్లని జుట్టు వీపు మీదికి వదులుకుని, చిన్నపిల్లలా కనిపించేదట. తక్కువగా, మెల్లగా మాట్లాడేదట. ఎక్కడ కూర్చున్నా ఒంటరిగానే ఉన్నట్టు తోచేదట. చుట్టూ మెచ్చుకునేవాళ్లు ఉన్నా ఒంటరితనం పోదని దూరదేశం వెళ్లిన ప్రతి ఒక్కరికీ తెలుసు.

ఎడ్మండ్ గాస్ అనే పేరున్న విమర్శకుడి ఇంటి తలుపు ఆమెకు తెరుచుకుంది. ఒకరోజు బిడియపడుతూనే తన కవితల కట్ట ఆయన చేతిలో పెట్టింది. ఆయన చదివి నిరాశపడ్డారు. భాషలో తప్పు లేదు, ఛందస్సులో తప్పు లేదు. కానీ వాటి నిండా రాబిన్ పిట్టలు, స్కైలార్క్ పక్షులు, ఇంగ్లిషు పల్లెల గుడిగంటలు. మూసీ ఒడ్డున పెరిగిన పిల్ల తాను ఎరగని పిట్టల గురించి, తనది కాని గొంతుతో పాడుతోంది. కొత్త ఊళ్లో కొత్త మనుషులు తనను తమలో ఒకరిగా ఒప్పుకోవాలని మన పిల్లలు చేసేదీ ఇదే కదా! యాస మారుస్తారు, పేరు కుదిస్తారు, భోజనం ముందు ప్రార్థన చేసుకోవడానికి కూడా సిగ్గుపడతారు.

గాస్ మొహమాటానికి పొగిడి పంపలేదు. అవన్నీ చెత్తబుట్టలో వేసి, తన దక్కనును, తన జనాన్ని, అక్కడి పూలను, పండుగలను, భక్తిని గురించి రాయమని చెప్పారు. ఎంత కష్టపడి రాసుకుందో! అయినా ఆమె అలగలేదు, వాదించలేదు. ఆ మాటను వెంటనే స్వీకరించింది.

అక్కడి నుంచి కేంబ్రిడ్జిలోని గర్టన్ కాలేజీకి వెళ్లింది. ఆరోగ్యం దెబ్బతింది. 1898లో పట్టా లేకుండానే తిరిగి వచ్చింది. ఆ కాలంలో కేంబ్రిడ్జి స్త్రీలకు పట్టాలు ఇచ్చేదే కాదు, 1948 దాకా ఇవ్వలేదు. అదే ఏడాది డిసెంబరులో, కులం అడ్డు తొలగించుకుని, మద్రాసులో కందుకూరి వీరేశలింగం పంతులుగారి ఆధ్వర్యంలో గోవిందరాజులును పెళ్లి చేసుకుంది.

1905లో ఆమె మొదటి పుస్తకం ‘ద గోల్డెన్ థ్రెషోల్డ్’ వచ్చింది. దాన్ని గాస్‌కే అంకితమిచ్చింది. అందులో రాబిన్ పిట్టలు లేవు, మన పాతబస్తీ ఉంది. సాయంత్రపు మూసీ, మినార్ల మీది నుంచి వినిపించే ప్రార్థన పిలుపు, చార్మినార్ చుట్టూ సందడి, గంటలు మోగిస్తూ ఇరుకు సందుల్లో నడిచే ఏనుగులు ఉన్నాయి. 1912లో వచ్చిన మరో పుస్తకంలో హైదరాబాదు బజార్ల కంసాలులు, పండ్లవాళ్లు, పూలు అల్లే ఆడపిల్లలు చోటు సంపాదించారు. 1908 సెప్టెంబరులో అదే మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకున్నప్పుడు, ఆమె సహాయ కార్యక్రమాల్లో నిలబడింది. అందుకు ప్రభుత్వం కైజర్-ఎ-హింద్ పతకం ఇచ్చింది. 1919లో జలియన్‌వాలాబాగ్ దారుణం తర్వాత ఆ పతకాన్ని తిరిగి ఇచ్చేసింది. ఒకప్పుడు లండన్ మెప్పు కోసం రాసిన అమ్మాయికి ఇప్పుడు ఆ మెప్పు అక్కర్లేకపోయింది. 1947లో ఐక్యరాష్ట్రాల గవర్నరై, 1949 మార్చి 2న కన్నుమూసింది.

సరోజిని క్రైస్తవురాలు కాదు. ఆమెను మన జాబితాలో చేర్చుకోవలసిన పనీ లేదు. అయినా ఆమె లండన్ రోజులు చదువుతుంటే మనకు ఏలా లోయలో నిలబడిన దావీదు గుర్తుకొస్తాడు (1 సమూయేలు 17). సౌలు ప్రేమతోనే తన శిరస్త్రాణం, కవచం ఆ కుర్రవాడికి తొడిగించాడు. అవి రాజువి, విలువైనవి. కానీ దావీదుకు వాటితో అలవాటు లేదు. తీసి పక్కన పెట్టేశాడు. తన కర్ర, తన వడిసెల, పక్కనున్న ఏటిలోని ఐదు నున్నని రాళ్లు చాలనుకున్నాడు. దేవుడు ఆ రాళ్లనే వాడుకున్నాడు.

మన తెలుగు సంఘానికి ఇది కొత్త పాఠం కాదు. పురుషోత్తమ చౌదరిగారు 19వ శతాబ్దంలోనే మన రాగాల్లో, మన మాటల్లో క్రీస్తును కీర్తించారు. ఆ కీర్తనలు నేటికీ మన నోట ఉన్నాయి. అయినా మనం ఎవరో ప్రసంగీకుని గొంతుతో ప్రార్థిస్తాం, ఎవరి సాక్ష్యాన్నో అరువు తెచ్చుకుంటాం. దేవుడు మనల్ని పుట్టించిన ఊరు, ఇచ్చిన భాష, మోయించిన దుఃఖం ఆయనకు తెలియనివి కావు. వాటితోనే ఆయన దగ్గరకు రావచ్చు.

ఈసారి ఒక బిడ్డను సాగనంపేటప్పుడు ఇంకో పని చేద్దాం. వారానికి ఒకసారి ఫోన్ చేసి, ఉద్యోగం దొరికిందా అని అడిగే ముందు, ఒంటరిగా ఉందా అని అడుగుదాం. నిజం చెబితే విందాం. అక్కడ మనవారెవరైనా ఉంటే, ఒక ఆదివారం ఆ బిడ్డకు భోజనం పెట్టి తెలుగులో ప్రార్థించమని చెబుదాం. ఆ రోజైనా అరువు కవచం బరువు ఆ భుజాల మీద నుంచి దిగుతుంది.