నేల మీద యుద్ధాలు చేసిన నాన్న

హెచ్.జి.వెల్స్ అనగానే కాలయంత్రం గుర్తొస్తుంది, అంగారక గ్రహం నుంచి దండెత్తి వచ్చే జీవులు గుర్తొస్తాయి. మన ‘ఆదిత్య 369’ సినిమాలోని యంత్రానికీ మూలపురుషుడు ఆయనే. అయితే ఈ నెల మనం చెప్పుకోబోయేది ఆయన 1913లో రాసిన ఒక చిన్న పుస్తకం గురించి, దాని వెనకున్న జీవితం గురించి. పుస్తకం పేరు ‘లిటిల్ వార్స్’. రెండంగుళాల బొమ్మ సైనికులతో గది నేల మీద యుద్ధం ఎలా ఆడాలో అందులో ఉంటుంది. ఇవాళ మన పిల్లల్లో కొందరు సైనికుల కిట్లు తెప్పించుకుని, జిగురుతో అతికించి, వెంట్రుకంత కుంచెతో కోటు గుండీలకు రంగు వేసి, బల్ల మీద రణరంగం పరుస్తున్నారు. ఆ సరదాకు అందరికీ అర్థమయ్యే నియమాలు మొదట రాసిపెట్టిన వాళ్లలో ముఖ్యుడు వెల్స్.

ఆయన 1866 సెప్టెంబరు 21న లండన్ దగ్గరి బ్రామ్లీలో పుట్టారు. ఇంట్లో పిలుపు బెర్టీ. తండ్రి జోసెఫ్‌కు పింగాణీ సామాను, క్రికెట్ బ్యాట్లు అమ్మే చిన్న కొట్టు ఉండేది. ఆయన ధ్యాసంతా కొట్టు మీద కంటే క్రికెట్ మీదే. కెంట్ జట్టు తరఫున 1862లో వరసగా నాలుగు బంతులకు నాలుగు వికెట్లు తీసిన మనిషి. కొట్టు మాత్రం ఎప్పుడూ సరిగ్గా నడవలేదు. తల్లి సారా పెళ్లికి ముందు అప్‌పార్క్ అనే జమీందారీ భవనంలో పరిచారికగా పనిచేసింది.

ఏడేళ్ల వయసులో, 1874లో, బెర్టీ కాలు విరిగింది. వారాల తరబడి మంచం మీదే ఉండాల్సి వచ్చింది. తండ్రి గ్రంథాలయం నుంచి పుస్తకాలు తెచ్చి పడేసేవాడు. పిల్లవాడు చదవడం మరిగింది అక్కడే. మూడేళ్ల తర్వాత తండ్రి కాలే విరిగింది. దాంతో క్రికెట్ మీద వచ్చే నాలుగు రాళ్లూ ఆగిపోయాయి. ఇల్లు గడవక సారా మళ్లీ అప్‌పార్క్‌కు వెళ్లి, ఇంటి నిర్వహణ చూసే ఉద్యోగంలో చేరింది. కొడుకులను బట్టల దుకాణాల్లో పనికి పెట్టింది.

ఇక్కడ ఆ తల్లిని తప్పు పట్టాలని నాకు అనిపించదు. అప్పట్లో చిన్న కుటుంబాలకు బట్టల దుకాణంలో గుమాస్తాగిరీ అంటే గౌరవం, భద్రత. ఎండలో పని లేదు, నెలకింత అని జీతం. పని నేర్పించుకోవడానికి యజమానికి ముందే సొమ్ము కట్టాలి. ఆమె కూడబెట్టి కట్టింది కూడా. కానీ సౌత్‌సీలోని ఆ దుకాణంలో బెర్టీ రోజుకు 13 గంటలు నిలబడి తానులు మడతపెడుతూ, రాత్రి మిగతా కుర్రాళ్లతో పాటు ఒకే హాల్లో పడుకుంటూ దాదాపు రెండేళ్లు గడిపాడు. ఒక ఆదివారం పొద్దున్నే బయల్దేరి, పదిహేడు మైళ్లు నడిచి అప్‌పార్క్ చేరాడు. ఇక నావల్ల కాదని తల్లికి చెప్పాడు. ఒప్పుకుంటే కట్టిన డబ్బు పోతుంది, కొడుకు భవిష్యత్తు ఏమవుతుందో తెలియదు. ఆమె వెంటనే ఒప్పుకోలేదు. మిడ్‌హర్స్ట్ గ్రామర్ స్కూలు ప్రధానోపాధ్యాయుడు హొరేస్ బయట్ అంతకుముందు బెర్టీకి కొన్ని వారాలు లాటిన్ చెప్పి, కుర్రాడి చురుకు గమనించినవాడు. చదువుకుంటూ చిన్న తరగతులకు పాఠాలు చెప్పే చోటు తన బడిలో ఇస్తానన్నాడు. చివరికి 1883లో తల్లి సరేనంది. డబ్బు పోయింది.

ఆ మరుసటి ఏడాదే అతను సైన్సు పరీక్షలన్నీ గట్టెక్కి, లండన్‌లోని నార్మల్ స్కూల్ ఆఫ్ సైన్స్‌లో స్కాలర్‌షిప్ సంపాదించాడు. వారానికి ఒక గినీ. జీవశాస్త్రం చెప్పింది సాక్షాత్తూ టి.హెచ్.హక్స్‌లీ. ఆ ఏడాది బాగా వెలిగాడు. హక్స్‌లీ పాఠాలు అయిపోయాక ఆసక్తి సన్నగిల్లి 1887లో చివరి పరీక్ష తప్పాడు. పట్టా లేకుండానే బయటికొచ్చి బడిపంతులయ్యాడు. పిల్లలతో ఫుట్‌బాల్ ఆడుతుంటే తగిలిన దెబ్బకు మూత్రపిండం దెబ్బతింది, ఆపైన రక్తం కక్కుకునే జబ్బు. అయినా చదివి 1890లో డిగ్రీ పూర్తిచేశాడు. 1893లో మళ్లీ రక్తం పడటంతో పాఠాలు చెప్పడం మానుకుని, కూర్చుని చేసే పని రాయడమొక్కటే అని కలం పట్టుకున్నాడు. 1895లో ‘ది టైమ్ మెషిన్’ వచ్చింది. ఆ తర్వాత డబ్బుకు లోటు లేదు.

సముద్రం ఒడ్డున శాండ్‌గేట్‌లో కట్టించుకున్న స్పేడ్ హౌస్‌లో ఇద్దరు కొడుకులు పెరిగారు. 1901లో పుట్టిన జిప్, 1903లో పుట్టిన ఫ్రాంక్. భర్తగా వెల్స్ ఆదర్శం కాదు, భార్య జేన్‌ను చాలా బాధపెట్టారు. కానీ పిల్లల గది నేల మీద కూర్చున్నప్పుడు ఆయన వేరే మనిషి. చెక్క ఇటుకలు, పలకలు, రైలు పట్టాలు పరిచి దీవులు, నగరాలు కట్టడం గురించి 1911లో ‘ఫ్లోర్ గేమ్స్’ అనే పుస్తకమే రాశారు.

యుద్ధం ఆట పుట్టింది మాత్రం ఒక మధ్యాహ్నం భోజనం తర్వాత. అతిథిగా వచ్చిన హాస్య రచయిత జెరోమ్ కె. జెరోమ్ అక్కడున్న బొమ్మ ఫిరంగితో సైనికులను పడగొట్టడం మొదలుపెట్టారట. స్ప్రింగ్ నొక్కితే అంగుళం పొడవు చెక్క ముక్క దూసుకుపోయే ఫిరంగి అది. గురి ఎంత బాగా కుదిరేదంటే, తొమ్మిది గజాల దూరంలోని బొమ్మను పదిసార్లలో తొమ్మిదిసార్లు కొట్టొచ్చని వెల్స్ లెక్క. సైనికులు బ్రిటన్స్ కంపెనీవి. 1893లో విలియం బ్రిటన్ కనిపెట్టిన పద్ధతిలో, కరిగిన సీసం అచ్చులో పోసి, అంచు గట్టిపడగానే మధ్యలోది బయటికి ఒంపేస్తారు. లోపల డొల్ల కాబట్టి లోహం తక్కువ, ధర తక్కువ. ఎత్తు 54 మిల్లీమీటర్లు. చేత్తో రంగు వేసేవారు. అంతవరకూ రాజ్యమేలిన జర్మనీ బొమ్మలను ఇవి వెనక్కి నెట్టాయి. నేటికీ ఆ 54 మిల్లీమీటర్ల ఎత్తు ఈ సరదా ఉన్నవాళ్లకు ఒక కొలమానం.

కేవలం గురిచూసి కొట్టడంలో ఎంతసేపు సరదా? వెల్స్ నియమాలు రాయడం మొదలుపెట్టారు. కాల్బలం ఒక ఎత్తుకు ఒక అడుగు దూరమే కదలాలి, గుర్రపు దళం రెండడుగులు. ఫిరంగి పేలాలంటే దానికి ఆరంగుళాల లోపు కనీసం నలుగురు సైనికులు ఉండాలి, అదీ ఒక ఎత్తులో నాలుగు గుండ్లే. సమానంగా ఎదురుపడ్డ రెండు దళాలు ముఖాముఖి తలపడితే రెండూ పోతాయి. ఒంటరిగా చిక్కినవాళ్లు ఖైదీలు. ప్రతి ఎత్తుకూ గడియారం పెట్టేవారు. ఎదుటివాడి మోహరింపు ముందే కనబడకుండా మధ్యలో తెర కట్టేవారు. పలకల కింద పుస్తకాలు పెడితే కొండలు, తోటలోంచి తెచ్చిన రెమ్మలు గుచ్చితే అడవి, సుద్దముక్కతో గీస్తే నది, అట్టముక్కలకు రంగువేసి కిటికీలు గీస్తే ఇళ్లు. పెద్ద పెద్ద మనుషులు చాప మీద పాకుతూ ఆడేవారు. పుస్తకం పన్నెండేళ్ల నుంచి నూట యాభై ఏళ్ల వరకూ ఉన్న అబ్బాయిలకు అని అట్ట మీదే ప్రకటించుకున్నారు. తెలివైన అమ్మాయిలనూ పక్కన చేర్చారు గానీ, ఆ చేర్చిన తీరు ఇవాళ చదివితే కాస్త గుచ్చుకుంటుంది.

ఇంత ఇష్టంగా యుద్ధాలాడిన మనిషి అసలు యుద్ధాన్ని అసహ్యించుకునేవారు. తనతో ఆడిన సైనికాధికారుల్లో ఈ చిన్న నియమాల దగ్గరే తికమక పడని వారిని తాను చూడలేదని పుస్తకం చివర రాశారు. బొమ్మలతోనే ఇంత గందరగోళమైతే నిజం మనుషులతో ఎలా ఉంటుందో ఊహించుకోమన్నారు. యుద్ధపిచ్చి ఉన్న రాజులందరినీ ఒక పెద్ద హాల్లో పెట్టి, బోలెడన్ని బొమ్మలిచ్చి తలుపేయమన్నారు. అది 1913. మరుసటి ఆగస్టుకల్లా యూరప్ నిజంగానే యుద్ధంలో దిగింది. ఆ రోజుల్లో వెల్స్ దాన్ని యుద్ధాలన్నిటినీ అంతం చేసే యుద్ధమని సమర్థించారు. ఆయన జీవితంలో అన్నిటికంటే పెద్ద పొరపాటు అదేనని నా అభిప్రాయం. ఆయనకూ ఆ భ్రమ ఎక్కువకాలం నిలవలేదు. ఏ దేశపు పిల్లలకు ఆ దేశపు విజయాలే నేర్పితే మళ్లీ యుద్ధమే వస్తుందని, మనుషులందరికీ ఒకే చరిత్రగా 1920లో ‘ది అవుట్‌లైన్ ఆఫ్ హిస్టరీ’ రాశారు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా 1940లో మానవ హక్కుల మీద పుస్తకం వేశారు.

జిప్ జంతుశాస్త్రవేత్త అయ్యాడు. తండ్రితోనూ, హక్స్‌లీ మనవడు జూలియన్‌తోనూ కలిసి ‘ది సైన్స్ ఆఫ్ లైఫ్’ రాశాడు. ఫ్రాంక్ సినిమాల వైపు వెళ్లాడు. వెల్స్ 1946 ఆగస్టు 13న లండన్‌లో తన ఇంట్లోనే కన్నుమూశారు. ఆయన చితాభస్మాన్ని జిప్, మరో కొడుకు ఆంథొనీ కలిసి ఇంగ్లండ్ దక్షిణ తీరాన సముద్రంలో కలిపారు.