లెక్కలో చేరని సంగతులు

ధ్యాన భాగములు: 1 రాజులు 16:23–28; కీర్తన 92:12–15; మత్తయి 1:1–6



పేరుపొందినవారి జీవితములను విజ్ఞాన సర్వస్వములలో చదువునప్పుడు వాటి పద్ధతి ఒక్కటే అని మనకు తెలియును. పుట్టిన ఊరు, పుట్టిన తేది, చదివిన చదువు, చేసిన ఉద్యోగము, పొందిన బహుమానములు, మరణించిన తేది. అంతటితో కథ ముగియును. అందు వ్రాసినది అబద్ధము కాదు. అయినను ఒక మనుష్యుని ఇల్లు చూపుమని అడిగిన వానికి ఇంటి కొలతలు చెప్పి పంపినట్లుండును.

పరిశుద్ధ గ్రంథము జీవితములను వేరు విధముగా వ్రాయుచున్నది. ఒమ్రీ షోమ్రోను పట్టణమును కట్టించిన రాజు. మోయాబు రాజు చెక్కించిన రాతిమీద కూడ అతని పేరు కలదు. అట్టి గొప్పవానికి రాజుల గ్రంథములో దొరికినవి ఆరు వచనములు మాత్రమే. దావీదు సంగతి చూడుడి. మన ప్రభువు వంశావళిలో అతని పేరు వ్రాసినచోటనే ఊరియా భార్య సంగతియు వ్రాయబడెను. లోకము గొప్ప అనుకొనునది దేవుని వాక్యములో చిన్నదగును. లోకము దాచునది అక్కడ వెలుగులోనికి వచ్చును.

ఈ నెల ఆ కొలతతో ఒక జీవితమును తిరిగి చూచి, తక్కువైనచోట చేర్చి, ఎక్కువైనచోట సరిదిద్దవలెనని మేము తలంచితిమి. ఆయన పేరు ఏమస్ అలాన్జో స్టాగ్. ఆయన బోధకుడు కాడు, మిషనరీ కాడు. అమెరికా కళాశాలలలో యువకులకు ఫుట్‌బాల్ నేర్పిన శిక్షకుడు.

అక్కడి ఫుట్‌బాల్ మన పిల్లలు కాలితో తన్ని ఆడు ఆట కాదు. కోడిగ్రుడ్డువలె రెండు కొనలుగల తోలు బంతిని చేతపట్టుకొని, పక్షమునకు 11 మంది చొప్పున, 100 గజముల మైదానములో ఒకరినొకరు త్రోసికొనుచు, పడద్రోయుచు, ఎదుటివారి గీత దాటించు ఆట. బలముతోపాటు ఉపాయము కూడ కావలెను.

స్టాగ్‌ను గూర్చి గ్రంథములలో సాధారణముగా కనబడు లెక్క ఇది. 1862 ఆగస్టు 16న న్యూజెర్సీ రాష్ట్రములోని వెస్ట్ ఆరెంజ్ అను ఊరిలో పుట్టెను. 1892 మొదలు 1932 వరకు షికాగో విశ్వవిద్యాలయములో శిక్షకుడు. 314 ఆటలు గెలిచెను. 1965 మార్చి 17న కాలిఫోర్నియాలోని స్టాక్‌టన్‌లో 102 ఏండ్ల వయస్సున నిద్రించెను. ఇది అంతయు నిజమే. ఇక దీనికి చేర్చవలసినవి చూతము.

మొదటిది ఆయన ఆరంభము. తండ్రి చెప్పులు కుట్టి, కూలిపని చేసి కుటుంబమును పోషించినవాడు. పిల్లలు ఎనమండుగురు. చెప్పులు కుట్టువాని ఇంట ఎనమండుగురు పిల్లలనగా ఎట్టి జీవనమో మన సంఘములలో అనేకులకు విడమరచి చెప్పనక్కరలేదు. చదువు కొరకు ఇల్లు విడిచిన దినములలో అతడు పైసలు లెక్కించుకొని అర్ధాకలితో చదివెను. 1888లో యేల్ కళాశాలలో పట్టము పొందెను. బేస్‌బాల్ ఆటలో బంతి విసరుటయందు అతనికి ఎంతో పేరు వచ్చెను. జీతమిచ్చి ఆడించుకొను జట్లవారు వచ్చి పెద్ద మొత్తములు ఇచ్చెదమనిరి. అట్టి ఆటస్థలములలో సారాయి అమ్మకము సాగుట అతనికి నచ్చలేదు. ఆకలి తెలిసిన ఆ యువకుడు ఆ సొమ్మును కాదనెను.

బోధకుడు కావలెనని అతని కోరిక. యేల్‌లోనే వేదాంత విద్యకు చేరెను. అక్కడ హెబ్రీ భాష బోధించిన విలియం రేనీ హార్పర్ అను పండితుడు అతనికి గురువాయెను. కాని ప్రసంగపీఠము ఎక్కి మాటలాడు వరము తనకు లేదని స్టాగ్ కనుగొనెను. సెమినరీలో చదివినవారికి ఇది ఎంత బాధయో మేమెరుగుదుము. అతడు 1890లో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో క్రైస్తవ యువజన సంఘమువారి శిక్షణ పాఠశాలకు వెళ్లెను. అక్కడ జేమ్స్ నైస్మిత్ అను సహ ఉపాధ్యాయుడు బాస్కెట్‌బాల్ ఆటను కల్పించెను. 1892 మార్చిలో ప్రజలయెదుట జరిగిన మొదటి ఆటలో విద్యార్థులు ఉపాధ్యాయులను 5కు 1గా ఓడించిరి. ఆ ఒక్కటి వేసినవాడు స్టాగ్.

అదే సంవత్సరము హార్పర్ తాను అధ్యక్షుడైన క్రొత్త షికాగో విశ్వవిద్యాలయమునకు శిష్యుని పిలిచెను. ఆ విద్యాలయము అమెరికా బాప్తిస్టుల విద్యా సంఘము స్థాపించినది. తొలి యేట ఆటగాండ్రు చాలక, శిక్షకుడైన స్టాగ్ తానే జట్టులో దిగి ఆడెను. ఆయన పొగ త్రాగలేదు, మద్యము ముట్టలేదు, బూతుమాట పలుకలేదు. మిక్కిలి కోపము వచ్చినప్పుడు ఆటగాని గాడిద అనువాడు. తప్పు మరింత పెద్దదైతే రెండింతల గాడిద అనువాడు. పీఠము దొరకనివాడు మైదానమునే పీఠముగా చేసికొని, యువకుల నడవడిని దిద్దుట తన సేవ అని యెంచెను. ఇది లెక్కలో చేరని మొదటి సంగతి.

రెండవది ఘనతను గూర్చినది. ఫుట్‌బాల్‌లోని అనేక ఉపాయములకు ఆయనే మూలపురుషుడని వ్రాయుదురు. చాలావరకు న్యాయమే. కాని ఆట మధ్య ఆటగాండ్రు గుండ్రముగా తలలు చేర్చి ఆలోచన చెప్పుకొను పద్ధతిని కూడ కొందరు ఆయన పేరనే వ్రాసిరి. వాషింగ్టన్‌లోని గాలొడెట్ కళాశాలలోని చెవిటి విద్యార్థులు 1890ల ఆరంభముననే అట్లు చేసిరి. చేతి సైగలతో మాటలాడు ఆ పిల్లలు తమ సైగలు ఎదుటి పక్షమునకు కనబడకుండ గుండ్రముగా నిలిచిరి. గొప్పవాని పేరున్నచోట చిన్నవాని పని అతని ఖాతాలోనికి చేరిపోవుట లోకములో సహజము. ఆ ఘనతను ఆ చెవిటి పిల్లలకు తిరిగి ఇచ్చుట న్యాయము.

మూడవది దుఃఖకరము. 1905లో షికాగో జట్టు ఒక్క ఆటయైనను ఓడలేదు. ఆ యేడు నవంబరు 30న మిషిగన్ విద్యాలయముతో ఆడి 2కు 0గా గెలిచెను. అప్పటికి మిషిగన్‌వారు వరుసగా 56 ఆటలలో ఓటమి ఎరుగరు. స్టాగ్ జీవితములో ఇది గొప్ప విజయమని వ్రాయుదురు. ఆ రెండు అంకెలు ఎట్లు వచ్చినవి? మిషిగన్ యువకుడొకడు తన గీతకు వెనుక బంతి పట్టి, ముందుకు పరుగెత్తబోయి, ఎదుటివారిచేత తిరిగి గీత వెనుకకు త్రోయబడెను. ఓటమి నింద అంతయు అతనిమీద పడెను. 27 సంవత్సరముల తరువాత, 1932లో, ఆ మనుష్యుడు తన ప్రాణము తానే తీసికొనెను. అతని హృదయములో ఏమేమి యుండెనో దేవునికే తెలియును. అయితే అతని మరణవార్త చెప్పినవారు ఆ పాత ఆటను మరువలేదు. స్టాగ్ అతనికి కీడు తలపెట్టలేదు. అయినను విజయముల పట్టికలో 2–0 అని చదువునప్పుడు, ఆ సున్న ప్రక్కన ఒక మనుష్యుడున్నాడని మనము జ్ఞాపకముంచుకొనవలెను. ఆ 1905లోనే ఈ ఆటలో దెబ్బలు తగిలి అనేకమంది యువకులు మరణించిరి. మరుసటి యేడు నియమములు మార్చి బంతిని ముందుకు విసరుటకు అనుమతించిరి. ఆ నియమములు దిద్దిన సంఘములో స్టాగ్ ఒక సభ్యుడు.

నాలుగవది ఆయన లోపము. ఊరియా సంగతి దాచని గ్రంథమును చదువు మనము దీనిని దాచరాదు. ఆటవలన విద్యాలయమునకు పేరు, ప్రవేశ రుసుముల సొమ్ము వచ్చెను. హార్పర్ స్టాగ్‌కు ఆచార్యుని స్థానమిచ్చి, ఆటల శాఖను దాదాపుగా ఆయన చేతికే అప్పగించెను. మంచి ఆటగాండ్రను రప్పించుకొనుటకు చేసిన ప్రయత్నములను, వారి చదువు విషయమై చూపబడిన సడలింపులను తరువాతి చరిత్రకారులు బయలుపరచిరి. డబ్బు కొరకు ఆడరాదని బోధించినవాడు డబ్బు తెచ్చు ఆటకు అధిపతియై యుండెను. మంచివాడు కూడ తాను ప్రేమించిన పనికొరకు కొన్నిటికి కన్నులు మూయును. ఇది మనకును హెచ్చరిక.

ఐదవది, మాకు అన్నిటికంటె ముఖ్యమైనది, ఆయన ఓటములు. 314 గెలుపులు వ్రాయువారు 199 ఓటములు ఉన్నవని గట్టిగా చెప్పరు. 35 ఆటలు సమానముగా ముగిసెను. 1932లో ఆయనకు 70 ఏండ్లు నిండగా, విద్యాలయము నియమము చొప్పున శిక్షకుని పనినుండి తొలగించెను. మైదానములో పని లేని మరియొక ఉద్యోగము ఇచ్చెదమనిరి. ఆయన ఒప్పుకొనలేదు. భార్య స్టెల్లాతో కలిసి దేశపు ఆ చివరనున్న స్టాక్‌టన్ పట్టణమునకు వెళ్లి, పసిఫిక్ కళాశాల అను చిన్న విద్యాలయములో 1933లో మరల పని మొదలుపెట్టెను.

అక్కడ 14 ఏండ్లలో ఆయన జట్టు 60 ఆటలు గెలిచి 77 ఓడెను. గెలుపులకంటె ఓటములే ఎక్కువ. పేరుగల వృద్ధుడు ప్రతి సంవత్సరము పెద్ద విద్యాలయముల చేతిలో ఓడుచు, మరునాడు ఉదయమున మరల పిల్లలతో మైదానమునకు వచ్చుచుండెను. 1943లో, 81వ యేట, దేశములోని శిక్షకులు ఆయనను ఆ సంవత్సరపు ఉత్తమ శిక్షకునిగా ఎన్నుకొనిరి. యుద్ధకాలమున నౌకాదళ శిక్షణకై ఆ కళాశాలకు పంపబడిన యువకులవలన జట్టు బలపడినదనియు ఇక్కడ చేర్చుట సత్యము.

తరువాత 1947 మొదలు 1952 వరకు పెన్సిల్వేనియాలోని సస్క్వెహానా విద్యాలయములో ఆయన పనిచేసెను. అక్కడ ప్రధాన శిక్షకుడు ఆయన కుమారుడే. ఆ యేండ్ల గెలుపులను తండ్రి లెక్కలో చేర్చవలెనని కొందరు వాదించిరి. అధికార పట్టికలో అవి కుమారుని పేరనే యున్నవి. అట్లుండుటయే మంచిదని మాకు తోచుచున్నది. జీవితమంతయు పెద్దయై యుండినవాడు 85వ యేట తన కుమారుని క్రింద పనిచేయుట ఏ గెలుపుకంటె తక్కువ? భార్య ఆరోగ్యము చెడినందున స్టాక్‌టన్‌లో నిలిచిపోయి, 95 ఏండ్లు దాటిన తరువాత కూడ అచ్చటి చిన్న కళాశాల పిల్లలకు బంతి తన్నుట నేర్పెను. 1981లో బేర్ బ్రయంట్ అను మరియొక శిక్షకుడు 315వ ఆట గెలిచి ఆయన లెక్కను దాటెను. లెక్క దాటబడినది. జీవితము దాటబడలేదు.

స్టెల్లా సంగతి కూడ చేర్చవలెను. 1894లో వివాహమైనది మొదలు ఆమె ఆటలను గమనించి పటములు గీసెను, ఎదుటి జట్ల పద్ధతులను చూచి వచ్చి చెప్పెను. 70 సంవత్సరముల కాపురము తరువాత 1964లో ఆమె ముందుగా వెళ్లెను. ఆయన మరుసటి యేడే వెంబడించెను.

ఇక పేరు సంగతి. షికాగోలోని మైదానమునకు స్టాగ్ మైదానమని పేరు. 1939లో ఆ విద్యాలయము ఫుట్‌బాల్‌ను విడిచిపెట్టెను. ఖాళీయైన ఆ మైదానపు మెట్ల క్రింద 1942 డిసెంబరు 2న శాస్త్రజ్ఞులు అణుశక్తిని మొదటిసారి అదుపులో విడుదల చేసిరి. యువకుల దేహములను దృఢపరచుటకు బ్రదికిన వాని పేరు, లోకమును భయపెట్టు ఆయుధపు కథతో జతపడెను. మన పేరుకు తరువాత ఏమి తగిలింపబడునో మన చేతిలో లేదు. మన దినపు పని మాత్రమే మన చేతిలో నున్నది.

ప్రియులారా, మన సంఘములలో ఒక పెద్ద నిద్రించినప్పుడు మనమును ఒక చిన్న చరిత్ర చదువుదుము. ఎన్ని యేండ్లు పెద్దగా నుండెను, ఎంత చందా ఇచ్చెను, ఏ గుడి కట్టుటకు ముందు నిలిచెను అని చెప్పుదుము. ప్రసంగించుట రాక గుడి ఊడ్చి దీపము పెట్టిన అవ్వను మరచెదము. ఒకని ఘనతను మరియొకని పేర వ్రాసెదము. ఓడిపోయిన యేండ్లను విడిచెదము. వయస్సు మళ్లినదని ప్రక్కకు త్రోయబడిన పెద్దలు మన బల్లలమీద మౌనముగా కూర్చుండియున్నారు. వారికి ఇంకను చిగురు కలదని కీర్తనకారుడు 92వ కీర్తనలో సాక్ష్యమిచ్చుచున్నాడు. వారికి పని ఇయ్యుడి. ఓడినవానిని పేరుపెట్టి నిందింపకుడి. ఒక్క మాట 27 ఏండ్లు ఒకని గుండెలో నుండగలదు.

ప్రభువా, మా జీవితములను సత్యముగా వ్రాయువాడవు నీవే. మా గెలుపులు మమ్మును గర్వింపజేయకుండను, మా ఓటములు మమ్మును పడగొట్టకుండను కాపాడుము. ముదిమియందును నీ పనిలో మమ్మును నిలుపుము. ఆమేన్.